మామగారి పూర్వపక్షం

మామగారు ఒక్కరే తిరిగొచ్చారు.

తలుపు తీసింది కోడలు. ఆయన జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది. చొక్కా భుజాలు రెండూ వానకు నానాయి. ఎప్పటిలాగే గుమ్మం ముందు గోనెపట్టా మీద కాళ్ళు మూడుసార్లు రుద్దుకుని, ఆమె పక్కనుంచి లోపలికి నడిచి, కిటికీ దగ్గరున్న తన కుర్చీలో కూర్చున్నారు. ఆమె చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. బయటికి తొంగి చూసింది. లిఫ్టు తలుపు మూసి ఉంది.

"పిచ్చుకేదీ, మామయ్యగారూ?"

పిచ్చుక ఆమె కూతురు. ఐదేళ్ళది. అసలు పేరు బడి హాజరుపట్టీలోనే. ఒక్కచోట నిలవదు గనుక ఇంట్లో అందరికీ పిచ్చుకే. ఆదివారం పొద్దున తాతయ్య వేలు పట్టుకుని షికారుకు వెళ్ళడం, పదకొండు కొట్టేసరికి ఇద్దరూ ఇంట్లో పడటం అలవాటు. ఇప్పుడు పదకొండుంబావు దాటింది.

ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"ఏ పిచ్చుకమ్మా? వచ్చిందెవరు, పోయిందెవరు? ఉన్నదొక్కటే."

వంటింట్లో అత్తగారు పకపకా నవ్వింది. "అద్వైతంలో ఉన్నారు కదా మరి! ఉన్నదొక్కటే అయితే ఇవాళ ఒక్క కంచమే పెడతాను. మిగతావాళ్ళు తిన్నామనుకోండి" అంది గరిటె ఆపకుండానే. సోఫాలో వెల్లకిలా పడుకున్న మొగుడు కూడా కళ్ళు తెరవకుండా నవ్వాడు. "కింద ఎవరితోనో ఆడుకుంటుంటుందిలే" అన్నాడు.

కోడలికి నవ్వు రాలేదు. భయమేసింది. ఆ భయం ఆమెకి కొత్త కాదు. రెండు నెలలకు పైగా వస్తూ పోతూ ఉంది. కాకపోతే ఇన్నాళ్ళూ అది ముసలాయన గురించి వచ్చిన భయం. ఇవాళ తన పిల్ల గురించి.

ఇక్కడ ఆ ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే, పిల్ల లేకుండా ముసలాయన ఇంటికొస్తే నవ్వేవాళ్ళుంటారా అని మీరు వాళ్ళని తిట్టుకుంటారు. తిట్టుకోవలసిందే అనుకోండి, కాకపోతే విన్నాక తిట్టుకోండి.

మామగారు ముప్ఫైఏడేళ్ళు కాలేజీలో దర్శనాలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక వాటన్నిటి మీదా ఒక పెద్ద పుస్తకం మొదలుపెట్టారు. న్యాయం, వైశేషికం, సాంఖ్యం, యోగం, మీమాంస, ఆ తరవాత వేదాంతంలోని మూడు దారులూ, ఆపైన శైవం, శాక్తం. పాతకాలం పండితులకి ఒక మర్యాద ఉండేది. ఎదుటివాడి వాదాన్ని కాదనే ముందు, దాన్ని వాడికంటే గట్టిగా తామే చెప్పాలి. అది పూర్వపక్షం. అదంతా అడ్డు లేకుండా అయ్యాక 'కానీ కాదు' అని తమ మాట ఎత్తుకోవాలి. అది సిద్ధాంతం. అందరూ ఈ పని కాగితం మీద చేస్తారు. ఈయన ఇంట్లో చేసేవారు. ఏ మతం గురించి రాస్తుంటే అన్ని వారాలూ ఆ మతంలోనే మకాం.

"వాడింట్లో నాలుగు రోజులు కాపురం చెయ్యకుండా వాడి గోడకి బీట ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది?" అనేవారు.

న్యాయం రాసిన రెండు నెలలూ ఆ ఇంట్లో ఊరికే ఒక మాట అనడానికి లేకపోయింది. టీ చల్లారిందంటే చాలు, హేతువేమిటి, ఉదాహరణేమిటి అని నిలదీసేవారు. మీమాంసలో ప్రతి పనికీ ఒక విధి ఉండాలని, బకెట్టు ముందు నింపాలా మగ్గు ముందు కడగాలా అన్నది తేలేదాకా ఎవర్నీ స్నానానికి పోనివ్వలేదు. సాంఖ్యంలోకి వెళ్ళాక పురుషుడు ఉత్త సాక్షి, పనంతా ప్రకృతిదే అని కుర్చీలోంచి లేవలేదు. "దీనికి పుస్తకమెందుకు? పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు తెలిసిన శాస్త్రమేగా" అంది అత్తగారు. ద్వైతంలో ఉన్నన్నాళ్ళూ వస్తువుకీ వస్తువుకీ మధ్య తేడా నిత్యం అని ఎవరి గ్లాసు వాళ్ళకి వేరుగా పెట్టించారు. విశిష్టాద్వైతం నెలలో లోకమంతా దేవుడి ఒళ్ళే అని కుర్చీని కూడా ఈడ్చకుండా ఎత్తి పెట్టేవారు. పిచ్చుకకి ఆ నెల భలే నచ్చింది. బంతిని తన్ని, వెంటనే దానికి సారీ చెప్పేది.

ఇంటివాళ్ళకి ఒకటే నియమం. ఆయన పూర్వపక్షంలో ఉండగా ఎవరూ అడ్డు పడకూడదు. సిద్ధాంతం ఆయన నోటే రావాలి. అందాకా ఆయనతో పాటు ఆడాలి.

ఆయన చెబుతుంటే టైపు చేసేది కోడలు. ఆమె ఉద్యోగం కూడా అదే, కోర్టులో టైపిస్టు. వాది చెప్పింది, ప్రతివాది చెప్పింది, సాక్షి వెక్కుతూ చెప్పింది, అన్నీ ఒకే వేళ్ళతో కొట్టాలి. దేన్నీ నమ్మనక్కర్లేదు, అన్నిటినీ వినాలి. పదేళ్ళు ఆ పని చేసినందువల్ల ఆమెకి ఒక గుణం పట్టుబడింది. ఎవరైనా అవే మాటలు అదే వరసలో రెండోసారి చెబితే, చెవికంటే ముందు వేళ్ళు కనిపెట్టేస్తాయి.

వేదాంతం మూడు దారుల్లో చివరగా అద్వైతం మొదలైంది. రెండు మూడు వారాలు బాగానే సాగింది. ఆ తరవాత ఒక పొద్దున ఆయన ముందురోజు చెప్పిన పేజీనే మళ్ళీ చెప్పారు, పొల్లుపోకుండా. ఆమె మాట్లాడకుండా కొట్టింది. నాలుగు రోజులకి మళ్ళీ అదే పేజీ. ఈలోపు పక్కింటాయన పేరు అడిగితే "నామరూపాలు మిథ్య" అన్నారు. పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్కనే నిలబడి "కాల్చేదీ లేదు, కాలేదీ లేదు" అన్నారు. చూడ్డానికొచ్చిన పాత శిష్యుడొకడు ఆ మాటకి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మాస్టారు చేరవలసిన చోటికి చేరారని చెప్పి వెళ్ళాడు.

కోడలు ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? 'మీ నాన్నగారికి మతి తప్పుతోందండీ' అని మొగుడి మొహం మీద అనడానికి నోరు రావాలి. ఒక సాయంత్రం మొదలుపెట్టింది కూడా. "ఇంట్లో క్రాస్ ఎగ్జామినేషన్లు పెట్టకు తల్లీ" అన్నాడతను నవ్వుతూ. ఆమెకి కోపం రావాలి కదా, రాలేదు; హమ్మయ్య అనిపించింది. చెప్పేశాను, నా వంతు అయిపోయింది అనుకుంది. పిరికితనం ఎన్ని వేషాలైనా వేస్తుంది. ఇవాళ పొద్దున పిచ్చుకకి ఎర్ర స్వెటరు తొడిగి, ఆ చేతిని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది కూడా ఆమే.

చెప్పుల్లేకుండానే కిందికి పరిగెత్తింది. గేటు దగ్గర కూర్చునే మనిషి తల అడ్డంగా ఊపాడు. "పెద్దాయన ఒక్కరే వచ్చారమ్మా. గొడుగు లేదేంటి సార్ అని అడిగాను, నన్ను చూసి నవ్వారు."

పైకి వచ్చి ఆ మాట చెప్పగానే మొగుడు సోఫాలోంచి లేచిన తీరు ఆమె ఎప్పటికీ మర్చిపోదు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరవై అంతస్తుల గోతి మీద నిలబడి కూడా ఈల వేసే మనిషి. తండ్రి భుజాలు పట్టుకుని కుదిపాడు. "నాన్నా, పిల్లెక్కడ? ఎక్కడ వదిలారు?"

"తండ్రెవరు, కొడుకెవరు? అలకి నీళ్ళు వేరా?" అన్నారాయన. గొంతు ఎప్పటికంటే గంభీరంగా ఉంది.

కొడుకు చెయ్యి పైకి లేచింది. లేచిన చేతిని తనే భయంగా చూసుకుని, దించి, మెట్లమీద దడదడా దిగి పార్కు వైపు పరిగెత్తాడు. అత్తగారు స్టవ్ ఆపి, చేతులు కూడా కడుక్కోకుండా, పిల్ల పేరు పిలుచుకుంటూ దుకాణాల వైపు వెళ్ళింది. ఆవిడకి అంత పెద్ద గొంతుందని ఆ రోజే తెలిసింది.

కోడలు మాత్రం కదల్లేదు. కాళ్ళు వీధిలోకి లాగుతున్నాయి. కానీ పిల్ల ఎక్కడుందో తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే, ఆ మనిషి ఈ గదిలో ఉన్నాడు.

"మామయ్యగారూ, పిల్లని ఎక్కడ వదిలారు?"

"వదలడానికి పట్టుకున్నదెవరమ్మా?"

"పార్కులోనా? బస్టాపులోనా?"

"దేశమూ కాలమూ కల్పితాలు."

ఆమెకి ఆయన్ని కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. అప్పుడు ఆయన చేతులు కంటపడ్డాయి. కుర్చీ చేతుల్ని వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉన్నారు. కళ్ళు ఆమెను తప్పించుకుని గోడ మీద, గడియారం మీద, తలుపు మీద తిరుగుతున్నాయి. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. కోర్టు బోనులో చూసింది. అబద్ధం చెప్పే సాక్షిది కాదు. జవాబు తెలియని సాక్షిది. తెలియదని ఒప్పుకుంటే ఏమవుతుందోనని వణికేవాడిది.

ఈయన చెప్పకపోవడం కాదు, ఈయన దగ్గర లేదు. అడిగేకొద్దీ బెదిరి ఇంకా పెద్ద వేదాంతంలోకి దూరతారు. గట్టిగా తట్టేకొద్దీ లోపల ఇంకో గడియ పడుతుంది.

గడియారం పదకొండున్నర చూపించింది. బయట వాన హోరు పెరిగింది. ఆమె కుర్చీ లాక్కుని, రోజూ లాగే కంప్యూటరు ముందు కూర్చుని, వేళ్ళని మీటల మీద ఆనించింది.

"మామయ్యగారూ, న్యాయం అధ్యాయంలో నాకో సందేహం. లేకపోవడం కూడా ఒక పదార్థమే అని రాయించారు. అభావం అని."

ఆయన వెన్ను నిటారయింది. ముప్ఫైఏడేళ్ళ అలవాటు, అది ఇంకా ఎక్కడికీ పోలేదు.

"పదార్థమే. నేల మీద కుండ లేదు అంటాం. ఆ లేకపోవడాన్ని కూడా తెలుసుకుంటున్నాం కదా."

"ఊరికే 'లేదు' అంటే సరిపోదా?"

"సరిపోదు!" కుర్చీ చేతి మీద అరచేత్తో చరిచారు. "ఏది లేదో చెప్పాలి. ఎక్కడ లేదో చెప్పాలి. ఆ రెండూ చెప్పకుండా లేదనేవాడు తార్కికుడు కాడు, బద్ధకస్తుడు."

"అయితే రాస్తున్నాను. ఏది లేదు? ఐదేళ్ళ పిల్ల, ఎర్ర స్వెటరు. ఎక్కడ లేదు? ఈ గదిలో." మీటలు కొడుతూనే అడిగింది. "ఇది ఏ రకం అభావం?"

ఆయన వేళ్ళు ముడిచారు. "రకాలు నాలుగు. పుట్టకముందు లేకపోవడం ఒకటి. పిల్ల పుట్టిందా?"

"పుట్టిందండీ."

"అయితే అది కాదు. ఎన్నడూ లేకపోవడం ఇంకోటి. అదీ కాదు. ఇది అది కాకపోవడం మరోటి, ఇక్కడ పొసగదు. ఇక మిగిలింది..."

మిగిలిందేమిటో ఆమెకి తెలుసు. ఆ అధ్యాయం కొట్టిన వేళ్ళు ఇవే. ప్రధ్వంసాభావం. కుండ పగిలిపోయాక కుండ లేకపోవడం. ఆమె వేళ్ళు కొయ్యబారిపోయాయి. అనకండి, ఆ మాట అనకండి అని కేకపెట్టబోయి, అడ్డు పడకూడదన్న నియమం గుర్తొచ్చి, పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంది. ఇప్పుడు తెగితే ఈ దారం మళ్ళీ దొరకదు.

"ఇక మిగిలింది నశించడమే అని రాసేస్తారు" అన్నారాయన. "ప్రతి ఏడాదీ పిల్లలు పరీక్షల్లో తప్పేది ఇక్కడే. తొందర! కొందరు ఐదోది కూడా చెప్పారు కదా, సామయికాభావం. కాసేపటి లేమి. కుండ ఇక్కడ లేనంతమాత్రాన పగిలిందనా? ఎవరో ఎత్తి ఇంకోచోట పెట్టి ఉండొచ్చుగా."

ఆమె అప్పటికి ఊపిరి తీసింది. "ఎక్కడ పెట్టారో ఎట్లా తెలుస్తుంది?"

"గుర్తుల వల్ల. పొగని బట్టి నిప్పు."

"గుర్తులు ఎవరి మీద వెతకాలి?"

"పెట్టినవాడి మీద."

అని, ఆగిపోయారు. మెల్లగా తల దించి తన ఒళ్ళు తాను చూసుకున్నారు, పరాయివాడి ఒంటిని చూసినట్టు. అరచెయ్యి నెత్తిన పెట్టుకుని, తీసి, తడి చూసుకున్నారు.

"ఇతడు ఇంట్లోంచి గొడుగుతో వెళ్ళాడా?"

"వెళ్ళారు. నల్ల గొడుగు."

"తల తడిసింది. గొడుగు చేతిలో ఉన్నవాడి తల తడవదు. కనుక ఎవరికో ఇచ్చాడు. ఇంటి కప్పు కింద ఉన్నవాళ్ళకి గొడుగెందుకు? కనుక ఆ ఎవరో ఆరుబయట ఉన్నారు."

చెయ్యి జేబులోకి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి అందులో చిన్న నీలం చెప్పు ఉంది. పిచ్చుకది. ఒక్కటే.

పిల్ల లేకుండా పిల్ల చెప్పు చూడటం ఏ తల్లికీ రాకూడదు. ఆయన మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"పట్టీ తెగింది. తెగినదాన్ని కుట్టించడానికి పట్టుకెళతాడు. కానీ కుట్టించలేదు. కనుక దారిలో..." మాట తడబడింది. "దారిలో ఇంకేదో తెగింది. ఎందుకు వచ్చాడో మర్చిపోయి ఇంటికొచ్చాడు."

"పిల్ల, మామయ్యగారూ. పిల్ల సంగతి చెప్పండి."

"ఒక కాలికి చెప్పు లేని పిల్ల వానలో నడవదు. నడవకపోతే కూర్చుని ఉండాలి. దీన్ని అర్థాపత్తి అంటారు, ఇది తార్కికుల సొమ్ము కాదు, మీమాంసకులది" అన్నారు. ఆ ఘడియలో కూడా ఎవరి సొత్తు వాళ్ళకి ఒప్పజెప్పకుండా ఉండలేకపోయారు. "ఎక్కడ కూర్చుంది?"

వంగి తన ప్యాంటు చూసుకున్నారు. కుడి మోకాలి మీద అరచేతి మేర పచ్చటి మరక. వేలితో రాసి వాసన చూశారు.

"నాచు. చెప్పు విప్పడానికి మోకాలు ఆనించాడు. పిల్ల పై మెట్టు మీద కూర్చుంది, ఇతడు కింది మెట్టు మీద. నాచు పట్టిన మెట్లు."

ఆ చుట్టుపక్కల నాచు పట్టిన మెట్లు ఒక్కచోటే ఉన్నాయి. బజారు వెనక కాలువలోకి దిగే మెట్లు. రెండు రోజులుగా వాన. కాలువ నిండా నీళ్ళు.

వెనక నుంచి ఆయన ఏదో అంటున్నారు. ఆమె వినడానికి ఆగలేదు.

పరిగెడుతూనే మొగుడికి ఫోను చేసి "కాలువ! కాలువ మెట్లు!" అని అరిచింది. అతను పార్కులో ఉన్నాడు. పార్కు ఒక మూల, కాలువ ఇంకో మూల. మూసిన దుకాణాల ముందు నుంచి, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు పక్కనుంచి, మడమల దాకా బురదలో దిగబడుతూ పరిగెత్తింది. అన్ని మతాలు, అన్ని దేవుళ్ళు, అన్ని మోక్షాలు తన వేళ్ళతో కొట్టిన మనిషికి ఆ పరుగులో ఒక్క దేవుడి పేరైనా నోటికి రాలేదు. "అమ్మా, అమ్మా" అంటూ పరిగెత్తింది. ఏ అమ్మని పిలుస్తోందో ఆమెకే తెలియదు.

కాలువ ఒడ్డుకు వచ్చేసరికి మొదట కనపడింది గొడుగు. నీళ్ళలో ఉంది. తలకిందులుగా, అవతలి గట్టుకి దగ్గరగా, మెల్లగా తిరుగుతోంది.

ఆమె కళ్ళు ఆ గొడుగునీ, దాని చుట్టూ ఉన్న నీళ్ళనీ తప్ప ఇంకేమీ చూడలేదు. మెట్లు దిగింది. జారి, తుంటి మీద పడి, మళ్ళీ లేచి దిగింది. నీళ్ళు చీలమండలకి తగిలాయి. ఎర్రగా ఏమైనా కనపడుతుందేమోనని వెతికింది. కనపడకూడదని వెతికింది. గొంతు చించుకుని కేక పెట్టింది. తన పిల్లని ఏ పేరుతో పిలిచిందో కూడా తెలియదు.

"అమ్మా, జారతావ్!"

గొంతు వెనకనుంచి, పైనుంచి వచ్చింది. అన్నిటికంటే పై మెట్టు మీద, పక్కగోడ మూలకి ఒదిగి, చెప్పు లేని కాలు ఒళ్ళోకి మడుచుకుని పిచ్చుక కూర్చుని ఉంది. ఆ పరుగులో తల్లి దాని పక్కనుంచే దిగిపోయింది.

"తాతయ్య కదలొద్దన్నాడు. నేను కదల్లేదు" అంది పళ్ళు టకటకలాడుతుంటే. అంతలో నిజం చెప్పాలనిపించిందేమో, "కొంచెం కదిలాను. గొడుగు ఎగిరిపోయింది. తెద్దామని దిగాను. కాలు జారింది. భయమేసి మళ్ళీ ఎక్కి కూర్చున్నా. కొట్టకు" అంది.

నడుము దాకా కాలువ బురద అంటుకుని ఉంది. మోచెయ్యి గీరుకుని నెత్తురు చెమర్చింది. ఆ బురద ఎంతవరకు ఉందో తల్లి చూసింది. పిల్లని గుండెలకి అదుముకుని ఆ మెట్టు మీదే కూలబడింది. "నొప్పమ్మా, వదులు" అంటున్నా వదల్లేదు. మొగుడు రొప్పుతూ వచ్చి ఇద్దర్నీ కలిపి లేపేదాకా అట్లాగే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మామగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. పిల్లని చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. దగ్గరికి రాలేదు. అత్తగారు పిల్ల తల తుడిచి, వేడి పాలు తాగించి, దుప్పట్లో చుట్టి లోపలి గదిలో పడుకోబెట్టింది. తుడుస్తున్నంతసేపూ దాన్ని తిట్టింది, తిడుతూనే ముద్దులు పెట్టింది.

అప్పుడు మొగుడు నవ్వాడు. చాలా పెద్దగా నవ్వాడు.

"సరే, గండం గడిచింది. ఇక అద్వైతం అధ్యాయం అయ్యేదాకా షికార్లు బంద్. ఏం నాన్నా?"

"అవును, ఆ పాడు అధ్యాయం తొందరగా తెమల్చండి. అందరం గాల్లో తేలిపోతున్నాం" అంది అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. వాళ్ళ మొహాల్లో ఆశ చూస్తే కోడలికి ఇందాకటికంటే ఎక్కువ భయం వేసింది. తను చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి అనుకుంది. నోరు తెరిచేలోగా ఆయనే అన్నారు.

"ఆ అధ్యాయం అయిపోయి రెండు నెలలు దాటింది. అమ్మాయికి తెలుసు. చివరి పేజీ ఎన్నిసార్లు కొట్టించానమ్మా?"

"పదకొండుసార్లు" అంది కోడలు.

"పదకొండా?" ఆయన మొహం పాలిపోయింది. "నేను మూడనుకున్నాను."

మెల్లగా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

"పేరు తట్టకపోతే నామరూపాలు మిథ్య అన్నాను. మీరంతా తలలూపారు. ఏ వారమో తెలియకపోతే కాలమే లేదన్నాను. కాళ్ళకి దండం పెట్టారు. శాస్త్రం తప్పు చెప్పలేదు. నేనే దాన్ని దుప్పటిలా ముసుగేసుకుని దాక్కున్నాను. ఇవాళ ఇంటికి వచ్చి కూర్చున్నాక అమ్మాయి పిచ్చుకేది అని అడిగింది. నాకు నిజంగా తెలియలేదు. ఏ పిచ్చుకో తెలియలేదు. తెలియలేదని అనడానికి భయమేసింది."

"కాదు నాన్నా" అన్నాడు కొడుకు.

తండ్రి పుస్తకాల జోలికి ఏనాడూ పోనివాడు, మన బుర్రకి బోల్టులు చాలనేవాడు, తండ్రి కుర్చీ ముందు నేలమీద కూర్చుని వాదం మొదలుపెట్టాడు. "జ్ఞాపకం ప్రమాణం కాదని మీరేగా చెప్పారు. న్యాయంలో. రోజూ పక్కగదిలోంచి వినేవాణ్ణి. జ్ఞాపకం పోయినంతమాత్రాన జ్ఞానం పోయినట్టు కాదు. ఇవాళ పిల్ల ఎక్కడుందో తేల్చిందెవరు? మీరు. గొడుగు, చెప్పు, నాచు... మతి పోయినవాడు అట్లా తేల్చగలడా? నేనూ నిన్న స్పానర్ చేతిలో పెట్టుకుని గంట వెతికాను. అందరూ మర్చిపోతారు. వానకి కంగారు పడ్డారు, అంతే. వచ్చే వారం శైవం మొదలుపెడదాం. అందులో గుర్తుపట్టడమే మోక్షం అంటారటగా, మీరే చెప్పారు. అది రాస్తే అన్నీ మళ్ళీ గుర్తొస్తాయి. నెమ్మదిగా వస్తాయి. నేను టైపు నేర్చుకుంటాను. నాన్నా, మీకేం కాలేదు."

ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. తల కొంచెం వంచి చివరిదాకా విన్నారు.

"అయిందా? ఇంకేమైనా ఉందా?"

కొడుకు వెతుక్కున్నాడు. "లేదు" అన్నాడు.

"చాలా బాగా చెప్పావురా. ఇన్నేళ్ళలో నా ముందు ఒక వాదాన్ని ఇంత బాగా ఎవరూ నిలబెట్టలేదు. నాక్కూడా అదే నిజమైతే బాగుండుననిపించింది." రెండు చేతులతో కొడుకు మొహం పట్టుకున్నారు. "కానీ కాదు."

కొడుకు ఆ చేతుల్లోనే మొహం దాచుకుని ఏడ్చాడు. అత్తగారు వచ్చి మొగుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆవిడ నోట ఒక్క పరాచికం కూడా రాలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అన్నారు మామగారు. "నాకు భయంగా ఉంది. దారిలో నా చెయ్యి వదలకు."